మా ఊరి మూడు టేషన్లు, ఒక కాటా

ఈ సంగతి నేను ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. బడిలో హాజరు పిలిస్తే పలకడానికి కూడా గొంతు పెగలని నేను, బొగ్గు బండి పోతున్నంతసేపూ పుస్తకం పట్టుకుని గట్టిగా చదివేదాన్ని. మా ఊరి పాత రైల్వే స్టేషన్లో, పార్శిల్ ఆఫీసు అని అందరూ పిలిచే రాతి గదిలో, తలుపు దగ్గరికి వేసుకుని. వ్యాగన్లు కదులుతుంటే నేల వణికేది, పైన పెంకులు గలగలలాడేవి. ఆ మోతలో నా గొంతు నాకు తప్ప ఎవరికీ వినపడేది కాదు. చివరి పెట్టె దాటిపోగానే నోరు మూసేసేదాన్ని. వాక్యం సగంలో ఉంటే సగంలోనే.

ఆ గదిని కూలగొడతారన్నప్పుడు నాకు అంత కోపం ఎందుకు వచ్చిందో మా ఇంట్లో ఎవరికీ అర్థం కాలేదు. అర్థమయ్యేలా చెప్పడం నాకు రాలేదు. డైరీలో రాసుకోవడం తప్ప ఇంకెక్కడా నేను సరిగ్గా మాట్లాడలేను. అందుకే రాస్తున్నాను.

మా ఊరి పేరు రాయను. వరంగల్ నుంచి వర్ధన్నపేట, తొర్రూరు దాటి, మధ్యలో ఇంకో బస్సు మారి, అడవి మొదలయ్యాక కూడా ఇంకా ముందుకు పోతే వచ్చే బొగ్గు ఊరు. పట్టాలు అక్కడితో ఆగిపోతాయి. నేను మాత్రం హనుమకొండలో ఒక గది అద్దెకు తీసుకుని, శుభలేఖలు, కరపత్రాలు టైపు చేసే షాపులో పనిచేస్తున్నాను. మాట్లాడకుండా చేసుకునే పని కాబట్టి నాకు నచ్చింది.

ఒకసారి ఆ షాపుకే మా ఊరి చరిత్ర వచ్చింది. ఎవరో పెద్దమనుషులు పుస్తకం వేస్తున్నారు. గనుల గురించి, దొరల గురించి, యూనియన్ల గురించి పేజీలకు పేజీలు ఉన్నాయి. రైల్వే స్టేషన్ గురించి రెండే వాక్యాలు: బొగ్గు రవాణా కోసం కట్టారు, తర్వాత విస్తరించారు. ఆ రెండు వాక్యాలూ నా చేత్తోనే టైపు చేశాను. చేస్తూ చేస్తూ, ఇది ఒప్పుకోను అనుకున్నాను.

మా ఊళ్ళో స్టేషన్ ఒకటి కాదు, మూడు. మూడూ ఒకే ప్లాట్‌ఫాం మీద పక్కపక్కనే ఉన్నాయి. పాత టేషన్, నడిమి టేషన్, కొత్త టేషన్ అంటారు మావాళ్ళు.

పాత టేషన్ నిజాం జమానాది. బొగ్గు కోసం పట్టాలు వచ్చాయి, పట్టాల కోసం ఈ గది వచ్చింది. మనుషుల కోసమని ఎవరూ కట్టలేదు. పొడుగాటి ఒకే గది, ముందర వరండా, పెంకుల కప్పు, కిటికీలో కూర్చుని కాళ్ళు ముడుచుకునేంత మందం గోడలు. టికెట్లు ఇచ్చిన కిటికీ ఇప్పుడు మోకాలి ఎత్తులో ఉంటుంది. కొత్తగా చూసినవాళ్ళు, అప్పటి మనుషులు ఇంత పొట్టివాళ్ళా అని నవ్వుతారు. అప్పుడు ప్లాట్‌ఫామే లేదు. నేల మీద నిలబడి టికెట్ కొనుక్కుని, కమ్మీ పట్టుకుని బండిలోకి ఎగబాకేవాళ్ళు. తర్వాత ప్లాట్‌ఫాం లేపారు. మళ్ళీ ఇంకొంచెం లేపారు. కిటికీ మాత్రం ఉన్నచోటే ఉండిపోయింది. అందుకే ఆ గదిలోకి పోవాలంటే మెట్లెక్కం, మెట్లు దిగుతాం. గోడ మీద సున్నం పెచ్చు ఊడిన చోట వేలు పెట్టి చూస్తే తెల్ల పొర, నల్ల పొర, మళ్ళీ తెల్ల పొర. వాళ్ళు సున్నం వేస్తూ పోయారు, బొగ్గు దుమ్ము దాని మీద పడుతూ పోయింది.

నడిమి టేషన్ ఎర్ర ఇటుకలది. ఊరు పెరిగి, వరంగల్ పెద్ద దవాఖానకు పోయేవాళ్ళు, అడవి నుంచి విస్తరాకులు, సీతాఫలాలు గంపల్లో పెట్టుకుని అమ్మబోయేవాళ్ళు ఎక్కువయ్యాక కట్టారు. దాంట్లో ఆడవాళ్ళకు ప్రత్యేకంగా ఒక వెయిటింగ్ రూము ఉండేది. దానికి లోపలి నుంచి గొళ్ళెం. ఒక్క గది క్వార్టర్లలో అత్తమామలతో, మరుదులతో, ముగ్గురు నలుగురు పిల్లలతో సర్దుకునే ఆడవాళ్ళకు లోపల గొళ్ళెం పెట్టుకోగలిగిన గది ఊరు మొత్తంలో అదొక్కటే. నాయనమ్మ ఆ స్టేషన్లో ఊడ్చే పని చేసేది. ఏ బండీ లేని వేళ కూడా ఆ గదిలో ఎవరో ఒకరు ఉండేవారట.

"యాడికి పోతానవే అంటే, యాడికి లేదక్కా, జర కూసుందామని వచ్చిన అనేటోళ్ళు. నేను బయట చీపురు పట్టుకొని కావలుండేది. టేషన్ దొర వస్తాండంటే తలుపు కొట్టేది" అని చెప్పింది నాయనమ్మ.

ఈ సంగతి ఆ చరిత్ర పుస్తకంలో లేదు.

కొత్త టేషన్ సిమెంటుది. నీలం రంగు, స్టీలు బెంచీలు, మెరిసే నేల. బంతిపూల దండలు కట్టి తెరిచారు. కొన్నాళ్ళకే కరోనా వచ్చి ప్యాసింజర్ బండి ఆగింది. మళ్ళీ నడుస్తుందన్నారు, నడవలేదు. బొగ్గు బండ్లు మాత్రం ఒక్క రోజూ ఆగలేదు. మనుషులకు రోగం వచ్చింది కానీ బొగ్గుకు రాలేదు. టికెట్ కౌంటర్ అద్దం వెనుక ఇప్పుడు పావురాలు ఉన్నాయి.

నడిమి టేషన్ కట్టినప్పుడు పాత గదిని పార్శిళ్ళకు వదిలేశారు. అప్పుడే దాని నేలలో కాటా దింపారు. మనిషి నిలబడేంత ఇనుప పలక నేలకు సమంగా ఉంటుంది. పక్కన నిలువు కమ్మి, దాని మీద అడ్డంగా గీతలున్న దండె, దండె మీద జరిపే గుండు. గుండు సరైన చోట నిలిస్తే దండె గాల్లో తేలుతుంది. తాత ఆ పార్శిల్ ఆఫీసులో హమాలీ. మేడారం జాతర వస్తుందనగా, తన కొడుకును, అంటే మా బాపును, ఆ పలక మీద కూర్చోబెట్టి మొదటిసారి ఎత్తు బంగారం తూచింది తాతేనట. సమ్మక్క సారలమ్మలకు మొక్కుకున్న మనిషి ఎంత బరువుంటే అంత బెల్లం సమర్పించాలి. ఆ బెల్లాన్నే మేం బంగారం అంటాం. కిరాణా షాపు తక్కెట్లో మనిషి పట్టడు కదా. ఒకరిని చూసి ఒకరు వచ్చారు. రెండేళ్ళకోసారి జాతర ఏడు వస్తే చాలు, పార్శిల్ ఆఫీసు ముందు తడి బట్టలతో జనం బారులు తీరేవాళ్ళు.

ఒక స్టేషన్ మాస్టరు మాత్రం, ఇది సర్కారు కాటా, బెల్లం దుకాణం కాదు పొమ్మని అందరినీ తరిమాడట. మరుసటి జాతరకు ఆయన భార్యే చంటిపిల్లను ఎత్తుకుని లైన్లో నిలబడింది. తాత అందరూ వినేలా అడిగాడట: "సారూ, పార్శిల్ యాడికి బుక్ చేయమంటరు?"

దానికో పద్ధతి ఉంది. కూర్చునే మనిషి తలస్నానం చేసి, తడి బట్టలతో, కడుపు నిండా తిని రావాలి. తల్లికి ఎంత ఎక్కువ పోతే అంత మంచిది. మనిషి కూర్చున్నాక గుండు జరిపి దండె తేలేలా చేస్తారు. తర్వాత మనిషి దిగాలి, గుండును మాత్రం ఎవరూ ముట్టుకోరు. ఆ పలక మీద బెల్లం ముద్దలు పేర్చుతూ పోతారు. దండె మళ్ళీ తేలినప్పుడే తూకం తీరినట్టు. మధ్యలో ఉన్న తూకాన్ని చెదరగొట్టకూడదు. పలక మీది ముద్ద తీయకూడదు, కాటా కదిలించకూడదు. బెల్లం తక్కువై ఎవరైనా మళ్ళీ తేవడానికి పోతే, వాళ్ళు వచ్చేదాకా రైల్వే పార్శిళ్ళు కూడా బయటే ఆగేవి.

నాకు మాట ఆలస్యంగా వచ్చింది. తోటి పిల్లలు బడికి పోతున్నా నేను ఒక్క మాట పలకలేదు. ఒక మధ్యాహ్నం నాయనమ్మ నన్ను ఆ పలక మీద నిలబెట్టి, ఈ పిల్లకు మాటొస్తే ఇదే కాటా మీద ఎత్తు బంగారం తూచి తెస్త తల్లీ అని మొక్కుకుంది. మాట వచ్చింది. మొక్కు మాత్రం వాయిదా పడుతూ వచ్చింది. ఒక జాతరకు తాత పోయిన మైల. ఒక జాతరకు బాపుకు గనిలో కాలు విరిగింది. ఇంకో జాతరకు నా పరీక్షలు. "నువ్వు పెరుగుతానవ్, మొక్కు పెరుగుతాంది. ఇంకో రెండు జాతర్లయితే లారీ మాట్లాడాలె" అనేది నాయనమ్మ.

మొన్నటి చలికాలంలో ఫోన్ చేసింది.

"బిడ్డా, పాత టేషన్ కూలగొడతాన్రట. బొగ్గు బండ్లకు ఇంకో లైను వేస్తరట. జాతరదాకా ఆగరట. నువ్వు వచ్చి కూసో, నా మొక్కు తీర్చుకుంట. మొక్కుకున్న కాడనే తూకం కావాలె."

ఆమె మొక్కు గురించి మాట్లాడుతోంది. నాకు మాత్రం ఒక్కటే వినపడింది, ఆ గది ఉండదు అని.

షాపు సారును సెలవు అడిగాను.

"ఇంట్ల పెండ్లా?" అన్నాడు ఆయన.

"కాదు సార్, తూకం."

"ఎవరి తూకం?"

"నాదే సార్."

నన్ను ఒకసారి కింది నుంచి పైదాకా చూసి, "ఎక్కువ పట్టదుగా, జల్ది రా" అన్నాడు.

ఆ ఉదయం అమ్మ నాకు తలస్నానం చేయించింది. నాయనమ్మ ఎదురుగా కూర్చుని సర్వపిండి తినిపించింది, దాని మీద అన్నం, పప్పు, మళ్ళీ పెరుగన్నం. చాలంటే వినదు. తడి చీరతోనే ఆటో ఎక్కాను. నా కాళ్ళ దగ్గర బెల్లం ముద్దలు. బాపు వెనుక బండి మీద వచ్చాడు. వాడలోని ఆడవాళ్ళు నడుచుకుంటూ వచ్చారు.

స్టేషన్ ముందు పసుపుపచ్చ జేసీబీ నిలబడి ఉంది. పాత గది తలుపులు పీకి గోడకు ఆనించారు. పెంకులు సగం దింపేశారు. కాంట్రాక్టరు తరఫు సూపర్‌వైజర్, మెడలో నారింజ రంగు కోటు వేలాడేసుకున్న మనిషి, మాకు అడ్డంగా వచ్చాడు.

"అమ్మా, లోపలికి పోవద్దు. పని నడుస్తాంది."

"నేను గీ టేషన్ ఊడ్సిన నాడు నువ్వు పుట్టనే లేదు. జరుగు" అంది నాయనమ్మ.

"గది పడేస్తున్నం అవ్వా. కావాల్నంటే షాపుల డిజిటల్ కాటా ఉంటది."

"మొక్కుకున్నది డిజిటల్ కాటా మీదనా?"

అతను బెల్లం వైపు చూశాడు, నా తడి చీర వైపు చూశాడు. వర్ధన్నపేట దిక్కు మనిషట. అతనింట్లోనూ మొక్కులు ఉండి ఉంటాయి. చెప్పులు విడిచి పక్కకు జరిగాడు. "సరే, జల్ది కానియ్యుండ్రి. మీదయినంక మాది" అన్నాడు.

నేను మెట్లు దిగి పలక మీద కూర్చున్నాను. గుమ్మం నిండా మనుషులు, కిటికీ నిండా ముఖాలు. నన్ను ఎవరైనా చూస్తే నాకు చెమటలు పడతాయి, ఆ రోజు తడి బట్టలు కాబట్టి ఎవరికీ తెలియలేదు. మా పక్కింట్లో ఉండే, వాడ మొత్తం చిన్నమ్మ అని పిలిచే ఆమె ఊరుకోలేదు.

"హనుమకొండ నీళ్ళు మంచిగనే పట్టినయే పిల్లకు!"

"నోరు మూసుకోవే, దిష్టి తగులుతది" అంటూ నాయనమ్మ గుండు జరిపింది. తాత దగ్గర నేర్చుకున్నట్టు వేలి కొసతో, కొద్దికొద్దిగా. దండె తేలింది. నేను దిగాను. బెల్లం పేర్చడం మొదలుపెట్టారు. ఒక్కో ముద్దా పెడుతూ నాయనమ్మ తల్లుల పేర్లు తలుచుకుంటోంది. ముద్దలన్నీ అయిపోయాయి. దండె కదలలేదు.

బతుకమ్మ పండుగకు వచ్చినప్పుడు నన్ను చూసి, కంటి అంచనాతో బెల్లం కొనిపెట్టింది నాయనమ్మ. తడి చీర బరువును లెక్క వేయలేదు. పొద్దున తానే నా కడుపులో కుక్కిన సర్వపిండిని, పెరుగన్నాన్ని లెక్క వేయలేదు.

చిన్నమ్మ పకపకా నవ్వింది. "పెట్టినవ్ గదా అత్తా కుక్కి కుక్కి!"

నవ్విందే తప్ప తన ఇంట్లో ఉన్న బెల్లం తెస్తాననలేదు. ఎవరూ అనరు. ఒకరి పేరున కొన్న బంగారం ఇంకొకరి తూకంలో పెట్టకూడదు. బాపు బండి తాళం తీశాడు. "నేను కిరాణం కాడికి పోయి తెస్త."

అప్పుడు నేను పైకి చూశాను. పెంకులు లేని వాసాల మధ్య నుంచి ఎండ నేరుగా బెల్లం మీద పడుతోంది. ఆ గదిలో అంత వెలుతురు నేనెప్పుడూ చూడలేదు. బాపు పోయి వస్తాడు. నాలుగు ముద్దలు పెడతారు, దండె తేలుతుంది. మీదయినంక మాది అన్నాడు కదా ఆ మనిషి.

"వద్దు బాపూ" అన్నాను.

బాపు ఆగాడు. "ఏందే?"

"ఇయ్యాల తేవద్దు."

"ఇయ్యాల కాకుంటే ఎప్పుడు?" అన్నాడు సూపర్‌వైజర్.

"మాకు వీలైనప్పుడు. మొక్కు మాది, ఎప్పుడు తీర్చుకోవాల్నో మేమే చెప్తం."

నా గొంతు అందరికీ వినపడింది. ఆ సమయంలో బొగ్గు బండి ఏదీ పోవడం లేదు.

సూపర్‌వైజర్‌కు కోపం వచ్చింది. "గిదంత నాటకం! ఏయ్, బండి స్టార్ట్ చెయ్" అని డ్రైవర్ వైపు తిరిగాడు.

జేసీబీ డ్రైవర్ తాళం తీసి జేబులో వేసుకున్నాడు. "తూకం నడుస్తాంది సారూ. తీరని తూకం మీద నేను చెయ్యి పెట్ట. నా బిడ్డ బంగారం ఇంకా తూచేది ఉన్నది" అన్నాడు. పెంకులు దింపుతున్నవాళ్ళు గడ్డపారలు కింద పెట్టి, బీడీలు వెలిగించుకున్నారు.

నాయనమ్మ నన్ను చూసింది. ఆ చూపులో కోపం ఉంటే బాగుండేది.

ఇంటికి వచ్చాక ఆమె అన్నం ముట్టలేదు. గోడకు ఆనుకుని, కాళ్ళు చాపుకుని కూర్చుంది. అక్కడి నుంచే అంది: "నీకు మాట రావాలని మొక్కుకున్న. గా మాటతోనే నా మొక్కు ఆపినవ్."

"గది ఉండాలె నాయినమ్మా."

"ఎందుకే? నీకేమున్నది గా గదిల?"

చెప్పలేకపోయాను. తలుపు దగ్గర నిలబడిన చిన్నమ్మ నన్ను పక్కకు పిలిచి, "ముసల్ది మళ్ళ జాతరకు ఉంటదో లేదో. గా గోడల కోసం ఆమెను ఏడిపిస్తవా?" అంది. అది న్యాయమైన మాటే. కానీ నా నిర్ణయం మారలేదు. ఎవరికీ అక్కర లేదనుకున్న ప్రతిదాన్నీ మా ఊరు నోరు మూసుకుని ఇచ్చేసింది. ప్యాసింజర్ బండిని ఇచ్చేసింది. గొళ్ళెం ఉన్న గదిని సిమెంటు బస్తాలకు ఇచ్చేసింది. ఇది మాత్రం ఇవ్వను అనుకున్నాను.

మర్నాడు పొద్దున నాయనమ్మ ఇంట్లో లేదు. నేను పరుగెత్తాను. ఆమె పాత టేషన్‌లో ఉంది. గది మొత్తం ఊడ్చి, చీమలు పట్టకుండా కాటా చుట్టూ పసుపు గీత గీసి, బెల్లం మీద తన పాత చీర కప్పుతోంది.

"గా కొస పట్టుకో. ఎందుకుండాలెనో నాకు చెప్పకు, నీ ఇష్టం. మీ తాత పొద్దంత గీన్నే ఉండేటోడు. నాకూ ఉండాలెననే ఉన్నది" అంది.

ఆ తర్వాత గది ఎప్పుడూ ఖాళీగా లేదు. వంట పనులు తీరాక ఆడవాళ్ళు వంతుల వారీగా వచ్చి కూర్చునేవాళ్ళు. బియ్యం ఏరుకునేవాళ్ళు, పేలు చూసుకునేవాళ్ళు. మొదట నన్ను కోప్పడిన చిన్నమ్మే అందరికన్నా ముందు వచ్చేది. "మా ఇంట్ల టీవీ ఖరాబైంది, అందుకే వస్తాన" అనేది.

ఒక రోజు ఎవరో పెద్ద అధికారి కారులో వచ్చాడు. సూపర్‌వైజర్ వెనుక నిలబడ్డాడు. ఆ అధికారి మర్యాదస్తుడే. నన్ను పక్కకు పిలిచి, "చదువుకున్నదానివి, నువ్వు కూడా ఇలాంటి నమ్మకాలు పట్టుకుని కూర్చుంటే ఎలాగమ్మా?" అన్నాడు.

నేను నేల చూస్తూనే అడిగాను. "సార్, బొగ్గు తూకం వేయకుండా మీ బండి ఇక్కడినుంచి కదులుతుందా?"

"కదలదు."

"మాదీ అంతే సార్."

వెనుక చిన్నమ్మ ఈల వేసినంత పని చేసింది. ఆయన గోడల వైపు, మోకాలి ఎత్తు కిటికీ వైపు చూశాడు. ఇది టికెట్ కిటికీయా అని అడిగాడు. అవునన్నాను. జాతర అయ్యేదాకా పని ఆపండని సూపర్‌వైజర్‌కు చెప్పి వెళ్ళిపోయాడు.

వాడంతా సంబరపడింది. నాకు మాత్రం ఆ మాట వెనుక ఉన్నది తెలుసు. జాతరకు పోయేముందు ఎలాగూ తూకం తీర్చుకుంటారు. తీర్చుకుని బెల్లం ఎత్తుకుపోతారు. ఆ తర్వాత ఉత్త కాటా, ఉత్త గది. వాళ్ళ లెక్క అది. తక్కువైన బెల్లాన్ని బాపు ఎప్పుడో తెచ్చి మా ఇంటి మూలన పెట్టాడు. పొద్దున లేస్తే అందరం దాన్ని దాటుకుంటూ తిరిగేవాళ్ళం. దాన్ని ఎప్పుడు పెడతారని అడిగే హక్కు నాకు లేదు. తీరుస్తుందో ఆపుతుందో, అది నాయనమ్మ మొక్కు. తీరుస్తాను అంటే అడ్డు నిలబడకూడదని డైరీలో రాసుకున్నాను. రాసుకున్నంత తేలిక కాదని కూడా రాసుకున్నాను.

షాపు సారు రెండుసార్లు ఫోన్ చేశాడు. "తూకం ఇంకా కాలేదా?" అన్నాడు. కాలేదన్నాను. "మరీ అంత బరువున్నవా?" అన్నాడు. జాతర అయ్యాక వస్తానన్నాను. పెళ్ళిళ్ళ సీజన్ అని గొణుగుతూనే ఒప్పుకున్నాడు.

మేడారం పోయే రోజు వచ్చింది. వాడ వాళ్ళంతా కలిసి మాట్లాడుకున్న వ్యాను స్టేషన్ ముందరే ఆగింది. చిన్నమ్మ షాపులో డిజిటల్ కాటా మీద తూపించిన తన కొడుకు ఎత్తు బంగారం ఎక్కించింది. బాపు, అమ్మ ఎక్కారు. బాపు మా ఇంటి మూలన ఉన్న ముద్దల సంచి కూడా తెచ్చి, ప్లాట్‌ఫాం మీద పెట్టి, నాయనమ్మ వైపు చూశాడు. ఇప్పుడు పెట్టేస్తే తూకం తీరిపోతుంది, వ్యానులో జాగా ఉంది.

నాయనమ్మ గదిలోకి పోయింది. నేను గుమ్మంలోనే నిలబడ్డాను. చీర కొస ఎత్తి బెల్లం చూసింది, దండె వైపు చూసింది, మళ్ళీ కప్పింది. పసుపు గీత చెదిరిన చోట వేలితో సరిచేసింది. కాటాకు దండం పెట్టి బయటికి వచ్చి, సంచి వైపు చూడకుండానే వ్యాను ఎక్కింది. ఆమె చేతిలో ఒక కొబ్బరికాయ, కొంచెం పసుపు కుంకుమ తప్ప ఏమీ లేవు.

"అత్తా, వట్టి చేతులతోనా? తల్లి అడిగితే ఏమంటవ్?" అంది చిన్నమ్మ. ఈసారి ఆమె గొంతులో ఎగతాళి లేదు.

నేను వ్యాను దగ్గరికి పోయాను. నాయనమ్మ కిటికీలోంచి చేయి చాపి నా గదువ పట్టుకుంది. వ్యాను అప్పటికే కదులుతోంది.

"నువ్వు గీన్నే ఉండు బిడ్డా. తల్లులకు నేను చెప్పుకుంట. ఆళ్ళు సుత కప్పం అడిగిన రాజుకు తల వంచినోళ్ళు కాదు, ఆళ్ళకు సమజైతది."